లోతుకు పోతే నీళ్లు పడతాయనుకున్నాను

మాది అనంతపురం జిల్లా. బోరు ఎండితే ఇంకో వంద అడుగులు దింపడం ఒక్కటే మాకు తెలిసిన దారి. మా నాయన అట్లా దింపించుకుంటూ వెయ్యి అడుగులకు పోయినాడు. నీళ్లు పడలేదు, అప్పు మాత్రం నా చదువు అయిపోయేదాకా నడిచింది. అయినా ఆ బుద్ధి నన్ను వదల్లేదు. సోలార్ పంపులు బిగించే పనిమీద పసిఫిక్ మహాసముద్రం నడుమ కిరిబాస్ దేశానికి, తరావా దీవికి పోయి నెలల తరబడి ఉన్నప్పుడు దాన్ని అక్కడికీ మోసుకుపోయాను.

తరావా పగడపు దీవి. ఒకపక్క సముద్రం, ఇంకోపక్క లగూన్ అనే ఉప్పునీటి మడుగు, మధ్యలో సన్నటి నేలపట్టీ. ఏటి చుక్క లేదు, గుట్ట లేదు. నేల చాలాచోట్ల సముద్రమట్టానికి మూడు మీటర్ల ఎత్తు కూడా ఉండదు. వాన మాత్రం సగటున ఏడాదికి 2000 మిల్లీమీటర్లు, మా జిల్లాకు మూడు రెట్ల పైమాటే. ఆ వాననీరు ఇసుకలోకి ఇంకి, ఉప్పునీటి కంటే తేలిక కాబట్టి పాలమీద మీగడలా దాని పైన నిలుస్తుంది. తాగడానికి భూమిలో ఉన్నది ఆ పొరే. దాని కింద ఎంత తవ్వినా సముద్రమే.

ఇదంతా పోయేముందే చదువుకున్నాను. విమానాశ్రయం ఉన్న బోన్రికిలో, దక్షిణ తరావాకు నీళ్లిచ్చే చోట, చిల్లుల గొట్టాలు అడ్డంగా పాతి పైపొరను మెల్లగా లాగే ఏర్పాటు కళ్లారా చూశాను కూడా. చూసి, తలూపి, ఉత్తర తరావాలో ఒక పల్లెకు పోయాను. అక్కడ బావి మనిషి లోతు లేదు. చుట్టూ పగడపు రాళ్ల గట్టు, తాడుకు కట్టిన రేకు డబ్బా. ఇంత చిన్న బావి ఊరికేం చాలుతుందని పక్కనే బోరు దింపి పెద్ద మోటారు పెడదామన్నాను. నాతో పనిచేసే అక్కడి పెద్దాయన వద్దన్నాడు. పైనీళ్లు పైనే తీసుకోవాలి, గట్టిగా లాగితే కిందివి లేస్తాయన్నాడు. నా దగ్గర లెక్కలున్నాయి, ఆయన దగ్గర లేవు. ఆ తేడా ఒక్కటే చూశాను. ఆయన మాట వినకుండా బోరు దింపించాను.

మొదట్లో ట్యాంకు నిండుతుంటే ఊరంతా సంతోషించింది. అప్పుడే లా నినా. మన దగ్గర ఎల్‌నినో వస్తే వానలకు భయపడతాం, తరావాలో లా నినా వస్తే కరువు. ఇంటికి ఫోన్ చేస్తే వానలు బాగా పడుతున్నాయన్నారు, మురిసిపోయాను. మా చేలను తడుపుతున్న ఆ లా నినాయే ఇక్కడ నా చుట్టూ వాన లేకుండా చేస్తోందని తట్టలేదు. మోటారు పొద్దస్తమానం నడుస్తూనే ఉంది.

బావి పక్కింటి అవ్వ ఒకరోజు కూర్చోబెట్టి టీ ఇచ్చింది. పాలపొడి, చక్కెర దండిగా వేసింది. రెండో గుటకకు తెలిసింది, చక్కెర అడుగున ఉప్పు. ఆమె కూడా అదే టీ తాగుతోంది, ఒక్క మాట అనలేదు. చక్కెర అంత ఎందుకు పోసిందో అర్థమై నోట్లో గుటక దిగలేదు. లేచిపోయి నీళ్లలో ఉప్పు కొలిచే మీటరు ముంచాను. తాగే నీటికి అక్కడ పెట్టుకున్న హద్దు 2500 మైక్రోసీమెన్స్ దాటిపోయింది. ఒక్కచోటే లాగేసరికి పైపొర పలచబడి కింది ఉప్పునీరు ఉబ్బుకొచ్చింది. మోటారు ఆపితే ఆగుతుందేగానీ ఆ ఉప్పు వెంటనే దిగదు. మళ్లీ వానలు పడి మంచినీళ్లు ఇంకాలి.

బావి వెనక అవ్వకు బబాయి గుంట ఉంది. బబాయి మన చేమ కుటుంబానిదే, ఆకు మనిషంత ఎత్తు లేస్తుంది. వేరుకు మంచినీళ్లు అందేదాకా గుంట తవ్వి నాటుతారు, పెళ్లికీ పండక్కీ దాచుకుంటారు. ఆకుల అంచులు మాడి ఉన్నాయి. వారాలుగా వాటి పక్కనుంచే పోతున్నాను, పంపు తప్ప ఏదీ చూడలేదు.

బోరు పూడ్చాం. పెద్దాయన చెప్పిన చోట, చెప్పిన లోతులో గొట్టాలు అడ్డంగా పాతి చిన్న పంపు పెట్టాం. ఆయన్ను క్షమాపణ అడిగితే గొట్టాల వాలు చూడమన్నాడు. నేను తిరిగొచ్చాక వానలు పడి బావి తేరుకుందని ఫోన్‌లో ఆయనే చెప్పాడు. అవ్వ గుంట మాత్రం పోయిందట, మళ్లీ నాటిందట. విందులో పెట్టేంత దుంప ఊరడానికి ఏళ్లు పడుతుంది. ఆ ముసలామె చేతిలోంచి అన్ని ఏళ్లు పోగొట్టింది నేనే.