నవ్వేదాకా వదలడు

బెంగళూరులో మారతహళ్లి వైపు ఏ ఐటీ ఆఫీసుకైనా మధ్యాహ్నం పూట వెళ్లండి. క్యాంటీన్లో ఒక బల్ల చుట్టూ ఐదుగురు గంభీరంగా కూర్చుని ఉంటారు, ఆరోవాడు ఒక్కడే పగలబడి నవ్వుతుంటాడు. ఆ ఆరోవాడే మనవాడు. తెలుగు సినిమా జోకు చెబుతున్నాడన్నమాట.

మనవాడిది తెనాలి దగ్గర పల్లె. హాస్యం తనకు పిత్రార్జితమని, దాన్ని ఇరుగుపొరుగు రాష్ట్రాలకు పంచడానికే కంపెనీ తనను బెంగళూరు రప్పించిందని గట్టి నమ్మకం. కోడింగంటారా, అది జీతం కోసం.

మొన్నామధ్య 'అహ నా పెళ్లంట' (1987) ఎత్తుకున్నాడు. పిసినారి కోట శ్రీనివాసరావు పైనుంచి కోడిని వేలాడదీసి, దాన్ని చూస్తూ ఉత్తన్నం తింటాడని చెప్పి, ఊపిరి బిగబట్టి అందరి ముఖాలూ చూశాడు. మైసూరు కుర్రాడు "ఆమేలె?" అన్నాడు, తర్వాతేమైందని. తర్వాత ఏముంటుంది, జోకు అయిపోయింది! ఢిల్లీ అమ్మాయి కళ్లు చెమర్చాయి. "పాపం, అంత పేదవాడా?" అంది. కొచ్చి నుంచి వచ్చినాయన కాసేపు ఆలోచించి, "అతనిది ఏ పార్టీ?" అని అడిగాడు.

ఇంకొకడైతే అక్కడితో చేతులు కడుక్కుని లేచేవాడు. మనవాడు అందరినీ మీటింగు గదిలోకి తీసుకెళ్లి వైట్‌బోర్డు మీద ఇల్లు, తాడు, కోడి, కంచం గీసి, కంటి నుంచి కోడికి, కోడి నుంచి కంచానికి బాణాలు వేశాడు. "గొత్తాయ్తు" అని తలూపాడు మైసూరు కుర్రాడు. అర్థమైందట. నవ్వు మాత్రం రాలేదు. అటుగా పోతున్న మేనేజరు అదేదో కొత్త డిజైననుకుని, రెండు సందేహాలు అడిగి, బాగుందని మెచ్చుకుని వెళ్లాడు.

పాపం మనవాడిని అని లాభం లేదు. సినిమావాళ్లకు ఈ కష్టం ఎప్పుడో తెలుసు. మలయాళంలో 1993లో 'మణిచిత్రతాళు' వచ్చింది. దాన్నే కన్నడంలో 'ఆప్తమిత్ర' (2004), తమిళంలో 'చంద్రముఖి' (2005), హిందీలో 'భూల్ భులయ్యా' (2007) అని తీశారు. పాడుబడ్డ మహలు, నాట్యం, మనోవైద్యుడు, అన్నీ పొలిమేరలు దాటాయి. దయ్యాన్ని చూసి వణికేవాడు మాత్రం దాటలేదు. కేరళలో ఇన్నోసెంట్ వణికితే, కన్నడంలో ద్వారకీష్, చెన్నైలో వడివేలు, ముంబైలో పరేశ్ రావల్ వణకాల్సి వచ్చింది. ఈ మాట మనవాడితో అంటే, "వడివేలును డబ్బింగులో చూసి మనం నవ్వలేదా?" అని మీదికొస్తాడు. నవ్వాం, కాదనను. తెలుగువాడు ఎవరు వణికినా నవ్వుతాడు. ఎవరైనా చెంపదెబ్బ తింటే ఇంకాస్త నవ్వుతాడు.

మనవాడి దృష్టిలో చెంపదెబ్బ లేనిది హాస్యం కాదు. సిల్క్ బోర్డు ట్రాఫిక్ మీద జోకేస్తే టీమంతా నవ్వుతుంది గానీ, అది మనవాడి లెక్కలోకి రాదు. అందులో ఎవరూ ఎవర్నీ కొట్టలేదుగా!

ఒక ఆదివారం మైసూరు కుర్రాడు పగ తీర్చుకున్నాడు. మనవాడిని గంగావతి ప్రాణేశ్ హాస్య ప్రసంగానికి లాక్కెళ్లాడు. 'అభినవ బీచి' అంటారాయన్ని. అసలు బీచి (1913–80) కన్నడిగులకు తిమ్మ అనే పాత్రనిచ్చిన హాస్య రచయిత. వేదిక మీద మనిషి ఒక్కడే నిలబడి మాట్లాడుతున్నాడు, హాలంతా పొట్టలు పట్టుకుంటోంది. మనవాడికి ఒకటే కంగారు. కొట్టడానికి పక్కన ఇంకో మనిషి లేడే! పక్కవాడి భుజాలు కదిలినప్పుడల్లా తనూ నవ్వుతూ ఎలాగో గట్టెక్కాడు.

బయట దర్శిని హోటల్లో బై టూ కాఫీ తాగుతూ, "మీ తిమ్మ మా తెనాలి రామకృష్ణుడి ముందు ఏ మూలకి?" అన్నాడు. "రామకృష్ణ నమ్మవరు! హంపి యారదు?" అని లేచాడు మైసూరు కుర్రాడు. హంపి ఎవరిదని ప్రశ్న. కప్పులు చల్లారిపోయాయి గానీ పేచీ తెగలేదు. తెగదు కూడా. బి.ఎస్. రంగా అనే కన్నడిగుడే 1956లో రామకృష్ణుడి కథను తెలుగులో అక్కినేనితో, తమిళంలో శివాజీ గణేశన్‌తో తీసి, 1982లో కన్నడంలో అనంతనాగ్‌తో మళ్లీ తీశాడు. 1956లో రెండు భాషలకూ రాయలు మాత్రం రామారావే. రాజు ఒక్కడు సరిపోయాడు, నవ్వించేవాడే భాషకొకడు కావలసి వచ్చాడు.

ఈమధ్య మనవాడికి కొత్త పిచ్చి పట్టింది. కొచ్చి ఆయన చెప్పాడని 'సందేశం' (1991) అనే మలయాళ సినిమా చూశాడు. సంక్రాంతికి ఇంటికెళ్లి, అరిసెలు తింటున్న బావను కూర్చోబెట్టి మొదలెట్టాడు. "అన్నదమ్ములిద్దరు, చెరో పార్టీ. ఇద్దరికీ పని లేదు, పాటు లేదు, ఇంట్లో పొద్దస్తమానం రాజకీయం. రిటైరైన తండ్రి అన్నీ చూస్తుంటాడు..." చెబుతూ చెబుతూ తనే పడీ పడీ నవ్వాడు.

బావ అరిసె చేతిలోనే పట్టుకుని, సీరియస్‌గా అడిగాడు: "మరి వాళ్ల నాన్న లాగి ఒక్కటి పీకలేదా బావా?"