బరిలోకి దిగని గ్లవ్

నన్ను మీరట్‌లో కుట్టారు. జతలో కుడిచేతి గ్లవ్‌ని నేను. బరువు నాలుగు ఔన్సులు, అంటే దాదాపు 113 గ్రాములు. పిడికిలి మీద మెత్త, మణికట్టుకు పట్టీ, వేళ్లు మాత్రం బయటికే. బాక్సింగ్ గ్లవ్‌కు గుద్దడం ఒక్కటే పని. మిక్స్‌డ్ మార్షల్ ఆర్ట్స్ గ్లవ్‌కు మూడు పనులున్నాయి. గుద్దాలి, పట్టు పట్టాలి, తానే పట్టులో చిక్కితే ఎదుటివాళ్ల ఒంటి మీదో నేల మీదో తట్టి చాలనాలి. ఆ తట్టడాన్నే ట్యాప్ అంటారు. మొదటి రెండింటికీ జనం చప్పట్లు కొడతారు. ఫైటర్ బతుకును నిలబెట్టేది మాత్రం మూడోదని నా నమ్మకం.

మా వంశం అంత పాతది కాదు. 1993 నవంబర్ 12న అమెరికాలోని డెన్వర్‌లో తొలి యూఎఫ్‌సీ (అల్టిమేట్ ఫైటింగ్ ఛాంపియన్‌షిప్) పోటీలు జరిగినప్పుడు దాదాపు అందరూ ఉత్త చేతులతోనే తలపడ్డారు. బరువు తరగతులు కూడా లేవు. ఆ రాత్రి గెలిచిన రాయ్స్ గ్రేసీ బక్కపలచని మనిషి. తనకంటే బరువైనవాళ్లను గుద్దులతో కాదు, పట్లతో లొంగదీశాడు. తలపడిన ముగ్గురూ తట్టి ఓటమి ఒప్పుకున్నారు. 1997లో యూఎఫ్‌సీ గ్లవ్స్‌ను తప్పనిసరి చేసింది. 2000లో న్యూజెర్సీలో ఉమ్మడి నియమావళి రూపుదిద్దుకుంది. మామూలు పోటీకి ఐదేసి నిమిషాల రౌండ్లు మూడు, టైటిల్ పోటీకి ఐదు. తలతో పొడవకూడదు, కళ్లలో వేలు పెట్టకూడదు. ఏ నిబంధన వచ్చినా, తట్టగానే ఆపాలన్న కట్టుబాటు మాత్రం మొదటినుంచీ ఉన్నదే.

నన్ను కొన్నది డిగ్లీపూర్ అమ్మాయి. పోర్ట్‌బ్లెయిర్ నుంచి బస్సులో బయల్దేరి, జిర్కటాంగ్ దగ్గర కాన్వాయ్ కోసం ఆగి, జారవా గిరిజనుల అడవి దాటి, బారాటాంగ్, రంగత్, మాయాబందర్ మీదుగా ఉత్తర అండమాన్ చేరాను. ఆమె తాత శ్రీకాకుళం తీరం నుంచి చేపల వేటకు వచ్చి ఇక్కడే స్థిరపడ్డాడు. ఊళ్లో ఎక్కువమంది తూర్పు బెంగాల్ నుంచి వచ్చి కుదురుకున్న కుటుంబాలవాళ్లు. అందుకే ఆమెకు ఇంట్లో తెలుగు, బజార్లో బెంగాలీ, బళ్లో హిందీ.

నన్ను చూడగానే వాళ్లమ్మ, “ఏటే ఇది? సెయ్యిరిగితే ఎవులు సూత్తారే నిన్ను?” అంది.

“ఇరక్కుండా సూసుకోడమే ముందు నేర్పుతారమ్మా,” అంది ఆ పిల్ల.

అప్పటికి ఆమెకది విన్న మాటే, ఒంటికి తెలిసిన మాట కాదు. ‘లైగర్’ సినిమా చూసిన ఊరి కుర్రాళ్లకైతే ఈ ఆటంటే ఎగిరి తన్నడమే.

డిగ్లీపూర్ ఆమెకు కాళ్లనిచ్చింది, ఊపిరినిచ్చింది. కాలీపూర్ ఇసుకలో పరుగెత్తేది. తాబేళ్లు గుడ్లు పెట్టే నెలల్లో పొద్దెక్కాకే తీరానికి వెళ్లేది. 732 మీటర్ల శాడిల్ పీక్ ఈ ద్వీపాలన్నిటిలో ఎత్తైన శిఖరం. దాని మీదికి అడవిదారిన ఎక్కి దిగితే తొడలు వణికేవి. పాత వలగుడ్డలు కుక్కిన గోనెసంచిని చెట్టుకు వేలాడదీసి గుద్దేది. అయితే గోనెసంచి మెడ పట్టదు, మోచెయ్యి మెలిపెట్టదు. పట్లు నేర్వాలంటే ఎదురుగా మరో ఒళ్లుండాలి, అదీ పని తెలిసిన ఒళ్లు. అది దొరక్క ఆమె బెంగళూరు వెళ్లింది.

అక్కడ తొలి సాధనలోనే ఒక సీనియర్ ఆమె చేతిని ఆర్మ్‌బార్ అనే పట్టులో బిగించింది. మోచెయ్యి వెనక్కి వంగుతోంది. నా లోపల పిడికిలి బిగుసుకుపోయింది. పంతం కొద్దీ ఆమె తట్టలేదు. కోచ్ పరుగున వచ్చి విడిపించాడు. “పంతం నీకుంటుంది, ఎముకకుండదు” అన్నాడు. ఆ రోజు నుంచి ఆమెకు తట్టడం నేర్పారు. ఎంత వంగితే నొప్పి, ఎంత వంగితే గాయం, ఆ రెంటి నడుమ గడువెంత అన్నది మెల్లగా ఒంటికి పట్టింది. తట్టడం, లేవడం, ఎందుకు చిక్కానో అడగడం, మళ్లీ కలబడడం. విద్య అలా వచ్చింది.

ఈ వృత్తిలో కూడు తేలిగ్గా దొరకదు. బరిలో దిగితే ఇంత, గెలిస్తే మరికొంత అని ఒప్పందం. ఎదుటివాళ్లు గాయపడి తప్పుకుంటే నెలల కష్టం వాయిదా పడుతుంది. దెబ్బకు స్పృహ తప్పితే కొంతకాలం పోటీకి దిగకూడదని వైద్యులు ఆపుతారు. ఒలింపిక్స్‌లో ఈ ఆట లేదు. మన దేశంలో 2012లో సూపర్ ఫైట్ లీగ్, 2019లో మాట్రిక్స్ ఫైట్ నైట్ వచ్చాకే కాస్త దారి పడింది. బరువు దింపుకోవడం మరో గండం. స్ట్రావెయిట్ పరిమితి 115 పౌండ్లు, అంటే 52 కిలోల పైచిలుకు. తూకం కోసం ఒంట్లోని నీటిని పిండేసుకుంటారు. 2015లో చైనా ఫైటర్ యాంగ్ జియాన్‌బింగ్ అలా బరువు తగ్గించుకుంటూ ప్రాణం పోగొట్టుకున్నాడు. ఆ తర్వాతే ఆ పోటీ నిర్వాహక సంస్థ వన్ ఛాంపియన్‌షిప్ నియమాలు మార్చింది. ఆగాల్సిన చోటు ఒంటికి తెలియడం తూకం రోజునా అవసరమే.

పోటీ రాత్రి నేను బరిలోకి వెళ్లను. నిర్వాహకులు కొత్త గ్లవ్స్ ఇస్తారు. లోపలి గదిలో ఒళ్లు వేడెక్కించడం వరకే నా వంతు, తర్వాత సంచిలోకి. ఆ పదిహేను నిమిషాలు వాటివి, ఏళ్ల సాధన నాది. తొలి ప్రొఫెషనల్ పోటీలో ఆమె రెండో రౌండ్లో ఆర్మ్‌బార్‌లో చిక్కి తట్టింది. ఓడిపోయానని ఏడ్చింది కూడా. అయితే మోచెయ్యి చెక్కుచెదరలేదు. త్వరలోనే నన్ను మళ్లీ తొడుక్కుంది.

మా మీరట్ పక్క జిల్లా ముజఫర్‌నగర్‌కు చెందిన పూజా తోమర్ 2024 జూన్‌లో లూయీవిల్‌లో నెగ్గి, యూఎఫ్‌సీలో గెలిచిన తొలి భారతీయ మహిళ అయింది. మరుసటి ఏడాది లండన్‌లో ఆర్మ్‌బార్‌కు తట్టింది. కుస్తీ ఇంటి బిడ్డ రీతూ ఫోగట్ 2021లో వన్ గ్రాండ్ ప్రీ ఫైనల్లో ఆర్మ్‌బార్‌కే తట్టింది. ఆ ఓటములను చూసి తల దించుకోవాల్సిన పని లేదు. తట్టిన చెయ్యి మళ్లీ బరికి పనికొస్తుంది. విరిగిన చేతికి ఎంత ధైర్యమున్నా పోటీ దొరకదు.

సెలవులకు ఊరొస్తే ఆమె దగ్గరికి పిల్లలు మూగుతారు. ఎగిరి తన్నడం నేర్పమని అడుగుతారు. ఆమె ముందు పరుపు మీద కూర్చోబెట్టి తట్టడం నేర్పుతుంది. తట్టగానే వదలడమూ నేర్పుతుంది. రెండోది మొదటిదానికన్నా పెద్ద పాఠం. గెలుపు చేతికందిన క్షణంలో ఎదుటివాళ్ల చాలు అన్న మాటకు పట్టు వదిలేవాళ్లనే నేను ఫైటర్లంటాను.