కాగితాలే కదండీ!

ఆషాఢంలో ఇల్లు మారకూడదన్న నియమం ఎవరు పెట్టారో గానీ, శ్రావణం మొదటి వారంలో ట్రాలీ ఆటోల కిరాయి వింటే, ఆ పెట్టినాయన వాళ్ల ముత్తాతే అయ్యుంటాడనిపిస్తుంది. నెల్లాళ్లు బిగబట్టుకుని కూర్చున్న ఊరంతా ఒక్కసారిగా మంచాలు విప్పుతుంది. ఆ విప్పినవాళ్లలో మేమూ ఉన్నాం. కొవ్వూరులో పదిహేడేళ్లు కాపురం చేసి, గోదావరి దాటి రాజమండ్రి దానవాయిపేటలో అద్దెకు దిగడం మా కార్యక్రమం. మధ్యలో ఉన్నది ఒక్క ఏరే కదా అనుకున్నాం.

ఏరు సంగతి సరే, అసలు తగాదా ఇంట్లోనే మొదలైంది. అమ్మ రుబ్బురోలు తెస్తానంది.

"మిక్సీ ఉంది, గ్రైండరుంది, ఇదెందుకమ్మా?" అన్నాను.

"కరెంటు పోతే?"

"ఇన్వర్టరుంది."

"అదీ పోతే?"

అమ్మ వాదనలో ఉన్న గొప్పతనం ఇదే. ఒక్కొక్కటే పోతూ పోతూ ఉంటాయి, చివరికి రోలొక్కటే మిగులుతుంది. పైగా అది మా నాయనమ్మ కాపురానికి వచ్చినప్పటిది. దానితోపాటు పొత్రం, సన్నికల్లు కూడా బయల్దేరాయి. రోలు బండెక్కింది. పొత్రం దొర్లిపోతుందని, సన్నికల్లు పగిలిపోతుందని ఆ రెంటినీ అమ్మ డ్రైవరు పక్కన తన కాళ్ల దగ్గర పెట్టించుకుంది. ఒళ్లో వెంకటేశ్వరస్వామి పటం.

"రాళ్లు మోసుకుంటూ ఊరు మారుతున్నాం" అని నేను నలుగురూ వినేలా అన్నాను. ఈ మాట గుర్తుంచుకోండి, మళ్లీ పని పడుతుంది.

నా వాటా సామాను పద్నాలుగు అట్టపెట్టెలు. వారపత్రికలు, ఆదివారం అనుబంధాలు, ఎక్కడెక్కడివో జిరాక్సులు, కత్తిరించి పెట్టుకున్న పేపరు ముక్కలు. ఎప్పటికైనా ఒక వ్యాసం రాయడానికి పనికొస్తాయని పాతికేళ్లుగా దాచినవి. ముఠా కూలీలు మొదటి పెట్టె ఎత్తుతూనే నా వంక అదోలా చూశారు. డ్రైవరు దగ్గరకొచ్చి, "ఏవున్నాయండీ మాస్టారూ ఇందులో?" అన్నాడు.

"కాగితాలే" అన్నాను.

"కాగితాలేనాండీ? అయితే తేలికేలెండి. ఆయ్, అడుగున ఎట్టేయండ్రా!" అని కేకేశాడు.

అలా పద్నాలుగు పెట్టెలూ బండి అడుగున పునాదిరాళ్లలా కూర్చున్నాయి. వాటి మీద రెండు ఇనప బీరువాలు, టేకు మంచం, ఫ్రిజ్జు, గ్రైండరు, రోలు, మట్టితో సహా తులసికోట, ఆ పైన పరుపులు, వాటిమీద చీపుర్లు. ఆఖరున బకెట్లకు తాడు కట్టి వేలాడదీశారు. దూరం నుంచి చూస్తే బండి కనపడదు, మా సంసారం నడిచి వెళ్తున్నట్టుంటుంది.

కొవ్వూరు నుంచి రాజమండ్రికి పోయే రోడ్డు, రైలు జంట వంతెన చూసినవాళ్లకు తెలుస్తుంది. 1974లో వచ్చింది. కింద రైలు, పైన రోడ్డు. రైలుకు ఎత్తెక్కడం చేతకాదు, అందుకని దాన్ని నీళ్లకు దగ్గరగా ఉంచి రోడ్డును నెత్తికెత్తారు. ఆ ఎత్తుకు చేరడానికి రోడ్డు రెండు వైపులా చాలా దూరం నుంచే ఎక్కుతూ రావాలి. మొత్తం నాలుగు కిలోమీటర్ల పైమాటే. స్కూటరు మీద పోయేవాడికి అది ఎక్కుడని కూడా తోచదు. పదిహేడేళ్లు ఆ వంతెన మీద రోజూ తిరిగిన నాకూ తోచలేదు. ఆ ఉదయం బండికి తోచింది.

అమ్మ బండిలో ముందు. మా ఆవిడా నేనూ స్కూటరు మీద వెనక. మా ఆవిడ చేతిలో పాలు పొంగించే గిన్నె, ఒళ్లో పసుపు కుంకుమల సంచి. ముహూర్తం 10 గంటల 18 నిమిషాలకు. ఎదురుగా పొద్దెక్కుతున్న సూర్యుడు, పక్కన వరద తగిలి ఎర్రగా పారుతున్న గోదావరి. ఎంత బాగుందో చెబుదామని నేను నోరు తెరిచేసరికి ఏదో మాడిన వాసన వచ్చింది.

"ఏవండీ, స్టవ్వు ఆర్పారా?" అంది మా ఆవిడ.

స్టవ్వు బండిలో, పరుపుల కింద ఉంది. వాసన వస్తున్నది బండి కిందనుంచి. ఇంజను గొంతు చించుకుంటోంది, చక్రాలు మాత్రం వినిపించుకోవడం లేదు. ఒక జానెడు ముందుకు, తర్వాత ఉన్నచోటే, ఆ తర్వాత వెనక్కి. ఎదటివాడి సామాను ఎదటివాడి మీదికొస్తే వార్త. నా పాతికేళ్ల సంపాదన మొత్తం రెండు బీరువాలతో సహా నా మీదికే వస్తుంటే దానికేం పేరు పెట్టాలో తెలియలేదు. స్కూటరు పక్కకు లాగాను. పాలగిన్నె ఎగిరి రోడ్డు మీద గింగిరాలు తిరిగింది.

"క్లచ్ ప్లేట్లు పోయాయండీ!" డ్రైవరు లోపల్నుంచి అరుస్తున్నాడు. "హ్యాండు బ్రేకు ఆగట్లేదండి, నేను బ్రేకు మీంచి కాలు తియ్యలేనండి, చక్రాలకి రాళ్లెయ్యండి, ఆయ్!"

రాళ్లు! అది వంతెన. ఎటు చూసినా నున్నటి రోడ్డు, పిట్టగోడ, దాని అవతల గోదావరి. నదిలో బోలెడన్ని రాళ్లుంటాయి గానీ అవి అందేలా లేవు. నేను చెప్పు తీసి చక్రం కింద పెడదామా అని ఆలోచించే స్థితికి వచ్చాను.

అప్పుడు కిటికీలోంచి అమ్మ గొంతు, తొందర లేకుండా, పెరట్లోంచి పిలిచినట్టు వినిపించింది. "ఒరేయ్, నా కాళ్ల దగ్గర పొత్రం ఉంది, తీసుకెళ్లరా."

పొత్రం గుండ్రం కదా, దొర్లుతుంది. గోనెపట్టా మడత పెట్టి దాని మీద పొత్రాన్ని ఒరగేసి ఒక చక్రం వెనక తోశాను. రెండో చక్రం వెనక సన్నికల్లు. పెళ్లిలో వధువు చేత సన్నికల్లు తొక్కిస్తారు. ఈ రాయిలా స్థిరంగా ఉండమని దాని అర్థం. మా పెళ్లిలో మా ఆవిడ తొక్కింది ఆ సన్నికల్లే. ఇన్నేళ్ల తర్వాత బండి చక్రమూ దాన్ని తొక్కింది, తొక్కి స్థిరంగా ఆగిపోయింది. మా ఆవిడ నా వంక చూసింది. "రాళ్లు మోసుకుంటూ..." అని మొదలుపెట్టి, పాపం, పూర్తి చెయ్యలేదు.

బండి ఆగింది. వెనక రాజమండ్రి పోయే ప్రపంచమంతా ఆగింది. ఆ రోడ్డు మీద పక్కకు తప్పించడానికి చోటుండదు.

గోదావరి జిల్లాల్లో దారిలో బండి ఆగితే జనం తిడతారనుకునేవారికి మా వాళ్ల సంగతి తెలియదన్నమాట. ముందు పలకరిస్తారు. వెనక కారాయన దిగొచ్చి, "ఇల్లు మారుతున్నారాండీ?" అన్నాడు. బకెట్లు చూశాక కూడా ఆ ప్రశ్న అవసరమా అనకండి, అది మర్యాద. తర్వాత వరసగా వచ్చాయి: ఏ పేటండీ, అద్దె ఎంతండీ, తూర్పు గుమ్మమేనాండీ? దానవాయిపేట అనగానే ఒకాయన నాలుక చప్పరించి, "మేడ మీదా కిందా? మేడ మీదైతే మధ్యాహ్నం నీళ్లెక్కవండి" అన్నాడు. బండి సంగతి ఒక్కరూ ఎత్తలేదు. ఇంకా ఇంట్లో అడుగు పెట్టకుండానే, వంతెన మీదే ఆ ఇంటి లోపాలన్నీ నాకు తెలిసిపోయాయి.

అమ్మ పటం పట్టుకుని దిగి పిట్టగోడ నీడన నిలబడింది. వెనక ఆగిన బస్సులో ఒక ముసలమ్మ గోదావరిలో వేద్దామని రూపాయి తీసి, ఎదురుగా వెంకటేశ్వరస్వామి కనపడేసరికి మనసు మార్చుకుని పటం మీద వేసి దణ్ణం పెట్టింది. ఆమెను చూసి ఇంకొందరు. అయిదు నిమిషాల్లో పదకొండు రూపాయలు. ఆ రోజు మా ఇంటికి వచ్చిన ఆదాయం అదొక్కటే. కింద రైలు పోయింది, కాళ్లకింద వంతెన సన్నగా వణికింది. అమ్మ ఆ రైలుకు కూడా దణ్ణం పెట్టింది.

ఇంతలో కానిస్టేబులుగారు వచ్చారు. బండి వాలకం చూస్తూనే చట్టం అప్పజెప్పారు. 2019లో మారిన మోటారు వాహనాల చట్టం ప్రకారం అధిక బరువుకు 20,000 రూపాయలు, ఎక్కువైన ప్రతి టన్నుకూ మరో 2,000. చెబుతూనే, దారి తొందరగా ఖాళీ చేయిద్దామని, అడుగునున్న ఒక పెట్టె పట్టుకుని లాగారు. పెట్టె రాలేదు. నడుం పట్టుకున్నారు.

"ఏముందయ్యా ఇందులో?"

"కాగితాలేనండి."

"కాగితాలంటే... నోట్లా?"

విప్పి చూశారు. పైనే 1998 నాటి ఆదివారం అనుబంధం. రాశిఫలాల పేజీ. నా రాశికి ఆ వారం "వాహన సౌఖ్యం" అని ఉంది. ఆయన అది చదివి, నన్ను చూసి, కాగితం మడిచి యథాస్థానంలో పెట్టేశారు. "ముందు ఈ బండి తీయించండి మాస్టారూ, మిగతాది తర్వాత చూద్దాం" అన్నారు. నా మీద కేసు కన్నా జాలి ఎక్కువైందని గొంతులో తెలిసింది.

రాజమండ్రి నుంచి ఇంకో ట్రాలీ రావడానికి గంట పట్టింది. ఆ గంటలో డ్రైవరూ నేనూ పిట్టగోడకు చేరబడి లెక్క వేశాం. ఆ బండి మోయగలిగింది 750 కిలోలని దాని పుస్తకంలోనే రాసుంది. మేం ఎక్కించింది తక్కువలో తక్కువ 1,200. బండి సొంత బరువు కలిపితే రెండు టన్నులు. ముప్పై అడుగులకు ఒక అడుగు చొప్పున ఎక్కే రోడ్డనుకున్నా, రెండు టన్నుల్లో ముప్పయ్యో వంతు, అంటే 67 కిలోల బలం బండిని అదే పనిగా వెనక్కి లాగుతుంది. నిండు మనిషొకడు వెనక తాడు కట్టి లాగుతున్నట్టు. నా బరువు 67 కిలోలు. బండి ఏ కంపెనీదో చెప్పను, ఎందుకంటే తప్పు బండిది కాదు.

"రోలొకటి ఎక్కించారు గదండీ, అదే దెబ్బకొట్టేసింది" అన్నాను నేను, ఎవరో ఎక్కించినట్టు.

డ్రైవరు తలూపలేదు. పెట్టెల వంక చూసి, "కాగితాలన్నారు గదండీ" అన్నాడు.

రెండో ట్రాలీ వచ్చింది. సగం సామాను అందులోకి మార్చాలి. అంటే, మా సంసారం మొత్తం నడివంతెన మీద, ఆగిన బస్సుల ఎదుట, ఒక్కొక్కటిగా దిగాలి. గుడ్డ లేని గొడుగులు మూడు, పనిచెయ్యని స్టెబిలైజరు, మూత లేని కుక్కరు, కుక్కరు లేని మూత. ఆ రెంటికీ పొంతన కుదరదని అప్పుడే తెలిసింది. "అది పారేశానన్నారు గదండీ!" అని మా ఆవిడ మూడుసార్లంది, మూడుసార్లూ వేరువేరు వస్తువులు చూసి. బస్సు కిటికీల్లోంచి జనం తొంగి చూస్తుంటే, ఎవరింటి అటకైనా సరే ఇంత వెలుతురులో చూడకూడదనిపించింది.

ముహూర్తం వంతెన మీదే దాటిపోయింది. పంతులుగారికి ఫోన్ చేశాను. "ఎక్కడున్నారు, గోదావరి మీదా? శ్రావణమాసంలో గోదావరి మీద రెండు గంటలు నిలబడ్డాక ఇంకా ముహూర్తమేమిటి నాయనా, వచ్చి పాలు పొంగించుకోండి" అన్నారు. సొట్టపడిన గిన్నెలో మధ్యాహ్నం రెండింటికి పొంగించాం. సొట్ట ఉన్న వైపుకే పొంగాయి. అది తూర్పే.

వారం తిరక్కుండా పాత కాగితాల అతన్ని పిలిచాను. అతను త్రాసు తగిలించి పద్నాలుగు పెట్టెలూ తూచాడు. మొత్తం 386 కిలోలు. ఊరుకోలేక రోలు కూడా తూచమన్నాను. పొత్రంతో కలిపి 82. అమ్మ వరండాలో కూర్చుని ఆ రెండు అంకెలూ విని ఒక్క మాటా అనలేదు. లేచి వెళ్లి మినప్పప్పు నానబోసింది. ఆ సాయంత్రం కరెంటుంది, ఇన్వర్టరుంది, గ్రైండరూ బాగానే ఉంది. అయినా రోట్లోనే రుబ్బింది. నేను మారుమాట్లాడకుండా పొత్రం తిప్పాను.

ఇల్లు మారబోయేవాళ్లకు నాదొక మనవి. బండి మాట్లాడుకునే ముందు పాత కాగితాల వాణ్ని మాట్లాడుకోండి. డ్రైవరు ఏవున్నాయండీ అని అడిగితే నిజం చెప్పండి. ఇంట్లో పెద్దవాళ్లు కాళ్ల దగ్గర ఏం పెట్టుకున్నా నోరు మెదపకండి.

ఆ కాగితాలు ఎప్పటికైనా ఒక వ్యాసానికి పనికొస్తాయని కదా పాతికేళ్లు దాచాను. ఈ వ్యాసానికి వాటిలో రాశిఫలాల ముక్క తప్ప ఇంకేదీ పనికిరాలేదు. పొత్రం మాత్రం పనికొచ్చింది.