జీర్ణపాదరక్షోద్ధరణం: ఒక కొత్తపేట సూత్రానికి టీకా తాత్పర్యం

అవతారిక

కాళిదాసు కావ్యాలకు వ్యాఖ్యలు రాసిన మల్లినాథ సూరి మన మెదక్ జిల్లా కొల్చారం వాడు. మూలంలో లేనిది రాయనని, అక్కరలేనిది చెప్పనని ఆయన నియమం పెట్టుకున్నాడు. ఈ టీకాకారుడు మొదటి నియమాన్ని పాటిస్తాడు. రెండోదాని విషయంలో పాఠకులు దయ ఉంచాలి.

ప్రస్తుత సూత్రం తాళపత్రాల్లో దొరికింది కాదు. కొత్తపేటలో విక్టోరియా మెమోరియల్ మెట్రో స్టేషన్ దగ్గర, పిల్లరు నీడన గోనెపట్టా పరుచుకుని కూర్చునే ఒక చెప్పులు కుట్టే పెద్దాయన నోట వెలువడింది. కర్త పేరు తెలియదు. ఆయన ముందు కాలు చాచినవాళ్ళెవరూ అడగలేదు కాబట్టి తెలియదు. సందర్భం ఇది: ముందువైపు నోరు తెరిచిన బూటుతో ఒక గృహస్థు వచ్చి, "ఇది పనికొస్తుందా, పారేయమంటావా?" అన్నాడు. దానికి సమాధానంగా,

మూలం

"అట్ట మంచిగనే ఉంది సార్. కుట్లు తెగినయ్, గంతె. కుట్టేస్త, ఇంకో ఏడాది నడుస్తది. పారేస్తె ఇయ్యాల్నే అయిపోతది."

ప్రతిపదార్థం

సార్ = ఒక పాదమున బూటును, మరొక పాదమున మేజోడును మాత్రమే ధరించి ఫుట్‌పాత్ మీద నిలిచిన ఓ గృహస్థుడా; అట్ట = నేలకు ఆనే అడుగుభాగము; మంచిగనే ఉంది = నీవు అనుకున్నంత చెడలేదు; కుట్లు = పైభాగమును అట్టతో కలిపి ఉంచిన దారములు; తెగినయ్ = తెగిపోయినవి; గంతె = అంతకు మించి ఏమియు లేదు, కంగారు పడకుము; కుట్టేస్త = ఇప్పుడే, నీ కళ్ళ ఎదుటనే కుట్టి ఇచ్చెదను; ఇంకో ఏడాది = ఒక ఎండ, ఒక వాన, ఒక చలి గడిచేదాకా; నడుస్తది = నీతోపాటు నడుచును; పారేస్తె = చెత్తబండిలో వేసినచో; ఇయ్యాల్నే = ఈ దినముననే; అయిపోతది = దాని కథ ముగియును.

వ్యాఖ్య: "అట్ట మంచిగనే ఉంది"

ఇది చూపుతో చెప్పిన మాట కాదు, బొటనవేలితో చెప్పిన మాట. పెద్దాయన బూటును రెండు చేతులా వంచి, మడతపడే చోట పగుళ్ళు చూసి, మడమ దగ్గర గోరుతో నొక్కాడు. గోరు దిగబడితే అట్ట పోయినట్టు, ఎదురు తన్నితే ఉన్నట్టు. అట్టలన్నీ ఒక జాతివి కావు కాబట్టి ఈ పరీక్ష. రబ్బరు అరుగుతుంది, తోలు నానుతుంది. షాపులో పీయూ సోల్ అని అమ్మే పాలీయూరిథేన్‌ది వింత చావు: వాడకుండా ఉంచినా పోతుంది. గాలిలోని తేమ దాని బంధాలను లోలోపలే తెంచేస్తుంది. రసాయన శాస్త్రం దీన్ని జలవిశ్లేషణ అంటుంది. పెళ్ళిళ్ళకని డబ్బాలో దాచిన బూటు, కొన్ని వానాకాలాలు గడిచాక ఫంక్షన్ హాలు మెట్ల మీద పెళ్ళలు పెళ్ళలుగా రాలిపోవడం అందుకే.

శంక: పాదరక్షలను తొడగకుండా భద్రపరచడం పెద్దలు చూపిన దారే కదా? భరతుడు అన్నగారి పాదుకలను పధ్నాలుగేళ్ళు సింహాసనం మీద ఉంచలేదా?

సమాధానం: ఉంచాడు. అవి బంగారంతో అలంకరించినవని వాల్మీకి చెప్పాడు. పీయూ సోల్ అయ్యుంటే, రాముడు తిరిగొచ్చేనాటికి నందిగ్రామంలో పొడి ఊడ్చుకోవాల్సి వచ్చేది.

వ్యాఖ్య: "పారేస్తె ఇయ్యాల్నే అయిపోతది"

శంక: కాగితం, ఇనుము, గాజుసీసా పారేసినా మళ్ళీ పుడుతున్నాయి. బూటు ఒక్కటే ఎందుకు అయిపోవాలి?

సమాధానం: అవి ఒక్కొక్కటీ ఒక్కో పదార్థం. బూటు అలా కాదు. పైన తోలో రెగ్జినో, లోపల గుడ్డ, దాని కింద అట్టముక్క, ఆపైన మెత్తటి ఫోము, అడుగున రబ్బరు, తాళ్ళ రంధ్రాలకు లోహపు రింగులు, అన్నిటి మధ్యా జిగురు. విడదీసి విగ్రహవాక్యం చెప్పడానికి వీల్లేని ఇలాంటిదాన్ని వ్యాకరణంలో నిత్యసమాసం అంటారు. ఇలాంటి నిత్యసమాసాలు, చెప్పులతో కలిపి, ప్రపంచంలో ఏటా 2,000 కోట్ల జతలకు పైగా తయారవుతున్నాయి. చేయడంలో చైనా తర్వాతి స్థానం మన దేశానిది.

పల్లెల్లో పాత ప్లాస్టిక్ చెప్పులు తీసుకుని ఉల్లిగడ్డలో ఐసుఫ్రూటో ఇచ్చిన బండివాడికి ఈ భేదం బాగా తెలుసు. పీవీసీ వేడికి కరుగుతుంది, మళ్ళీ పోత పోయొచ్చు. చార్లెస్ గుడ్‌ఇయర్ 1839లో గంధకం కలిపి వేడిచేసి గట్టిపరిచిన రబ్బరు మాత్రం ఒకసారి ఉడికాక మళ్ళీ కరగదు. లారీ టైరు కరగదు కాబట్టే దాన్ని కోసి టైరు చెప్పులు చేశారు. అమెరికాలో నైకీ కంపెనీ 1990ల నుంచి పాత బూట్లను పోగుచేసి పొడి చేయిస్తోంది. ఆ పొడి ఎక్కువగా ఆటస్థలాల నేలకూ రన్నింగ్ ట్రాకులకూ పోతుంది. ముంబైలో ఇద్దరు పరుగు క్రీడాకారులు మొదలుపెట్టిన గ్రీన్‌సోల్ సంస్థ పాత స్పోర్ట్స్ షూలను విప్పి, పనికొచ్చే అట్టలతో చెప్పులు చేసి బడిపిల్లలకు ఇస్తోంది. రెండోది మన సూత్రకారుడి మతానికి దగ్గర: అది పొడి చేయదు, కోసి కుడుతుంది.

శంక: చెత్త ఆటోకు ఇస్తే నగరపాలక సంస్థే చూసుకోదా?

సమాధానం: తడి చెత్త, పొడి చెత్త అని రెండు డబ్బాలున్న లోకంలో బూటు పొడి చెత్త కింద జమ. ఆ దారి జవహర్‌నగర్ డంపుయార్డుకు పోతుంది. అక్కడ చెత్తను మండించి కరెంటు తీసే ప్లాంటు 2020 నుంచి నడుస్తోంది. ఈనాటి తోలులో చాలా భాగం క్రోమియంతో పదును చేసినది. అది మండితే అందులోని క్రోమియం విషపు రూపానికి మారే వీలుంది. కాబట్టి తోలు బూటుకు దహన సంస్కారం మంచిది కాదు.

శంక: పోనీ, దానం?

సమాధానం: ఉత్తమం, కాని సమయం ముఖ్యం. 2023 మే 20 నుంచి జూన్ 5 దాకా దేశంలోని నగరాలన్నిటా ఆర్ఆర్ఆర్ కేంద్రాలు పెట్టి పాత బట్టలు, పుస్తకాలు, చెప్పులు తీసుకున్నారు. పేరు చూసి సినిమా అనుకోరాదు: తగ్గించు, తిరిగి వాడు, మళ్ళీ తయారుచెయ్యి అనే మూడు ఇంగ్లీషు మాటల మొదటి అక్షరాలు. ఇలాంటి చోట ఇచ్చేవారు రెండూ కలిపి తాడుతో కట్టి ఇవ్వాలి. విడిపోయిన ఎడమ బూటు ఎంత కొత్తదైనా ఎవరికీ అక్కర్లేదు. గుడి ముందు పాత జత విడిచి కొత్త జత తొడుక్కుపోవడం కూడా తిరిగి వాడటమేనని కొందరు వాదిస్తారు. అది శిష్టసమ్మతం కాదు.

వ్యాఖ్య: "కుట్టేస్త"

సూత్రానికి ప్రాణం ఇక్కడుంది. పెద్దాయన ముందు రంపె కత్తితో అట్ట అంచున సన్నటి గాడి కోశాడు. దారం ఆ గాడిలో దాగకపోతే రోడ్డు దాన్ని నాలుగు రోజుల్లో కొరికేస్తుంది. దారానికి మైనం పట్టించాడు. ఎడమచేయి బూటు లోపల, కుడిచేత తోలు గుచ్చే ఆరె. ఆరె మొన దగ్గర చిన్న కొక్కెం. గాడిలోంచి గుచ్చగానే మొన లోపలికి తేలింది. అక్కడ, కంటికి కనపడని చీకట్లో, ఎడమచేతి వేళ్ళు దారాన్ని కొక్కేనికి తగిలించాయి. ఆరె వెనక్కి వస్తూ దారపు ఉచ్చును బయటికి లాగింది. బయటి దారాన్ని ఆ ఉచ్చులో దూర్చి రెండు వైపులా బిగించాడు. ఇదంతా ఒక్క కుట్టు.

పాఠాంతరం: కొన్ని ఇళ్ళలో "కుట్టేస్త" బదులు "అంటిస్త" అనే పాఠం ఉంది. అది అశుద్ధం. ఫెవిక్విక్ గట్టిగా అతుకుతుంది, కాని వంగదు. అడుగు తీసి అడుగు వేస్తే బూటు వేళ్ళ దగ్గర వంగుతుంది, జిగురు పెళుసుగా పగులుతుంది.

ఆయన పక్కన తెరిచి ఉన్న పెట్టెలో తెగిన ఉంగటాలు, బకిళ్ళు, టైరు ముక్కలు, ఒంటరి మడమలు ఉన్నాయి. చచ్చిన చెప్పుల అవయవదానం అది. కొత్తపేటలో ఇంత పద్ధతిగా నడిచే విడిభాగాల సేకరణకు బోర్డు లేదు, ప్రారంభోత్సవం జరగలేదు.

"ఇంకో ఏడాది" అన్నది ఉపలక్షణం. దిల్‌సుఖ్‌నగర్ కోచింగ్ సెంటర్లకు నడిచిపోయే పిల్లవాడికి ఆరు నెలలు, కారు దిగనివాడికి పదేళ్ళు అని సమన్వయించుకోవాలి. గడ్డిఅన్నారం పండ్ల మార్కెట్ 2021లో బాటసింగారం తరలిపోయింది. చెప్పులు నిజంగా అరగదీసే హమాలీలూ అటే పోయారు కాబట్టి వారి లెక్క ఇక్కడ చెప్పలేదు.

వ్యాఖ్య: "సార్"

సంబోధన ఒకవైపే నడవడం గమనించాలి. ఆయన సార్ అన్నాడు. గృహస్థు "పారేయమంటావా" అన్నాడు. తోలు పని చేసినవారిని ఊరు ఊరవతల ఉంచింది, వారు చేసిన చెప్పులతోనే ఊరంతా తిరిగింది. పాత వస్తువును తిరిగి వాడటం ఇవాళ సభల్లో ప్రసంగాంశం. దాన్ని తరాలుగా చేసినవారికి దక్కిన ఆసనం గోనెపట్టా.

అలంకారం: స్వభావోక్తి. ఉన్నది ఉన్నట్టు చెప్పడం.

తాత్పర్యం

ఓ గృహస్థుడా, బూటు చచ్చాక దాన్ని బతికించే యంత్రం నీ దగ్గర లేదు. ఉన్నచోట కూడా అది బూటును పొడి చేయగలదే తప్ప బూటును చేయలేదు. చావకముందు బతికించే చేయి మాత్రం మెట్రో పిల్లరు నీడన ఉంది. కాబట్టి నోరు తెరవగానే తీసుకురా. అట్ట ఊడి చేతికొచ్చాక కాదు.

ఫలశ్రుతి

ఈ సూత్రాన్ని విన్న వెంటనే ఆచరించినవాడికి కొత్త జత ఖర్చు ఏడాదిపాటు తప్పుతుంది. చదివి ఊరుకున్నవాడు దిల్‌సుఖ్‌నగర్ ఫుట్‌పాత్ మీద కొత్త జత బేరమాడును గాక. కుట్టించుకుని, చెప్పిన కూలి మీద పది రూపాయలు తగ్గించమన్నవాడికి ఏ ఫలమూ లేదు.