అంతా చదివేశానన్న గీర

నాకో జబ్బుంది. తెర మీద ఎర్రర్ కనిపిస్తే అది ఎందుకొచ్చిందని అడగను, దాని నోరు ఎలా మూయించాలా అని చూస్తాను. మీకు లేదంటారా? సరే, నమ్మినట్టు నటిస్తాను.

ఇమాక్స్ అనే ఎడిటర్‌లో తెరిచిన ఫైళ్ల జాబితాను సాయంత్రం దాచిపెట్టి, పొద్దున్నే మళ్లీ తెరిచే ప్రోగ్రాం ఒకటి దాని సొంత భాష లిస్ప్‌లో రాశాను. ఆ పనికి ఇమాక్స్‌లో ఎప్పట్నుంచో సదుపాయం ఉంది. అయితేనేం, నేను రాయకపోతే నాకు లిస్ప్ వచ్చని నలుగురికీ తెలిసేదెలా?

లిస్ప్ సుఖమే వేరు. జాబితాను ఫైల్లోకి ప్రింట్ చేసి, తర్వాత 'రీడ్' అంటే మళ్లీ జాబితాగానే చేతికొస్తుంది. ఆ ధీమాతో ఒక్కో ఫైలుకి దాని పాత్, కర్సర్ ఉన్న చోటు, చివర్లో బఫర్‌ని, అంటే ఇమాక్స్ తెరిచి పట్టుకున్న ఆ ఫైలు ప్రతిని కూడా పెట్టేశాను. తంటా అంతా అక్కడే. బఫర్ మెమరీలో బతికున్న వస్తువు. ప్రింట్ చేస్తే #<బఫర్ నోట్స్> అని పడుతుంది. ఆ రాత మనుషుల కోసమే. తిరిగి చదవమంటే 'ఇన్వాలిడ్ రీడ్ సింటాక్స్' అంటుంది. కామన్ లిస్ప్ ప్రమాణం కూడా #< కనిపిస్తే ఎర్రర్ ఇచ్చి తీరాలనే చెబుతుంది. చచ్చిన వస్తువుని పేరు చూసి ఎవరు బతికిస్తారు?

అంత మర్యాదగా చెప్పినా నాకు రోషం వచ్చింది. 'ఇగ్నోర్-ఎర్రర్స్' తొడిగాను. ఎర్రర్ పోయింది, దాంతోపాటు ఫైళ్లూ పోయాయి. అప్పుడు నాలోని మేధావి లేచాడు. #< నుంచి మొదటి > దాకా ఉన్నదంతా పీకేసి అక్కడ 'నిల్' పెట్టే రెగ్యులర్ ఎక్స్‌ప్రెషన్ రాశాను. 'నిల్' ఉంటే ఫైలు తెరవాలి, ఇంకేదైనా ఉంటే అది ముందే తెరిచి ఉన్నట్టు. అద్భుతంగా పనిచేసింది. భూమ్మీద నా అంతటి లిస్ప్ పండితుడు లేడనుకుని టీమ్ మొత్తాన్నీ డెమోకి పిలిచాను.

ఆ రోజు నా దగ్గర రెండు ఫోల్డర్లలో ఒకే పేరుతో ఫైళ్లున్నాయి. అలాంటప్పుడు ఇమాక్స్ ఫోల్డర్ పేరు జోడించి నోట్స్<ఆఫీస్>, నోట్స్<ఇల్లు> అంటుంది. ప్రింటయింది #<బఫర్ నోట్స్<ఆఫీస్>>. నా కత్తెర మొదటి > దగ్గరే ఆగింది, రెండోది మిగిలింది, అది వెళ్లి 'నిల్'కి అతుక్కుంది, 'నిల్>' అయింది, లిస్ప్ దాన్నో కొత్త పేరనుకుని కిమ్మనకుండా చదివేసింది, నా ప్రోగ్రాం ఇవి ముందే తెరిచి ఉన్నాయనుకుంది, నేను ఠీవిగా మీట నొక్కాను, కింద 'అన్ని ఫైళ్లూ తెరిచాను' అని వచ్చింది, పైన తెర మాత్రం ఖాళీ.

"అన్నా, ఎక్కడ తెరిచావు?" అన్నాడు కొత్తగా చేరిన కుర్రాడు. వెటకారం కాదు, పాపం నిజంగానే అడిగాడు. అందుకే ఇంకా మండింది.

బుద్ధి వచ్చాక చేసింది చాలా చిన్న పని. బఫర్‌ని రాయడం మానేశాను, పాత్ ఉంటే చాలు. ఇతరులు రాసిన ఫైళ్లు చదవాల్సొస్తే 'కండిషన్-కేస్'తో ఆ ఒక్క ఎర్రర్నే పట్టుకుంటున్నాను. ఆగిన చోటునుంచే మళ్లీ చదవడం మొదలుపెడితే #< వెనకున్న ముక్కలన్నీ పేర్లుగా దూరిపోతాయి, ఆపైన జత లేని బ్రాకెట్ మరో ఎర్రర్ ఇస్తుంది. అందుకని ఆ ఫారమ్ (ఒక పూర్తి బ్రాకెట్ల జత) మొత్తాన్నీ ఉన్నదున్నట్టు పక్కన పెట్టి, లైన్ నంబరు రాసుకుని, తర్వాతి ఫారమ్‌కి వెళ్తున్నాను. చివర్లో 'ఇవి చదవలేకపోయాను' అని జాబితా ఇస్తున్నాను. ఆ వాక్యం రాయడానికే నాకు ప్రాణం పోయినంత పనయింది.

మీ కోడ్‌లోనూ ఎర్రర్‌ని మింగేసే లైను ఒకటి ఎక్కడో ఉండే ఉంటుంది. ఈ పూట దాన్ని తీసేసి ఓసారి నడిపి చూడండి. ఏం బయటపడిందో నాకు చెప్పక్కర్లేదు. డెమో పెట్టేలోపు చూసుకుంటే చాలు.