అత్తయ్య ప్రార్థన చిట్టా

మా మేనత్త ప్రార్థన మొదలుపెట్టిందంటే పప్పు గడ్డకట్టాల్సిందే, అప్పడం మెత్తబడాల్సిందే. మావయ్య ఒక కన్ను తెరిచి వేపుడు వంక చూస్తూ, ఆవిడ ఊపిరి తీసుకున్నప్పుడల్లా 'ఆమేన్' అని ఒకటి వేసేవాడు. అత్తయ్య దాన్ని ప్రోత్సాహం కింద తీసుకుని ఇంకాస్త లోతుకి వెళ్లేది.

దీనికో చరిత్ర ఉంది. అత్తయ్య పుట్టిల్లు నరసాపురం. 1836లో ఇంగ్లండు నుంచి వచ్చిన బౌడెన్, బీర్ దంపతులు పాదు వేసిన గోదావరి డెల్టా మిషన్ ఊరు అది. ఆ బ్రెథ్రెన్ సంఘాల పద్ధతిలో ఆడవాళ్లు నెత్తిన ముసుగేసుకుని కూర్చోవాలి. పాటలు పాడొచ్చు గానీ సభలో నోరు తెరిచి ప్రార్థన చెయ్యకూడదు. అలా పుట్టినప్పట్నుంచీ పెళ్లయ్యేదాకా లోపల దాచుకున్న ప్రార్థనంతా మూటగట్టుకుని ఆవిడ దోహాలో, ఉమ్ ఘువైలినాలో దిగింది. అక్కడి తెలుగు సహవాసంలో బాప్టిస్టులు, లూథరన్లు, పెంతెకొస్తు వాళ్లు అందరూ కలిసే ఉండేవాళ్లు. ఎవరో పెద్దాయన మర్యాదకి, "అమ్మా, మీరు కూడా రెండు ముక్కలు ప్రార్థన చెయ్యండి" అన్నాడట. ఆ పెద్దాయన ఆ మాట ఇంకెప్పుడూ ఎవరితోనూ అనలేదని మావయ్య చెప్పేవాడు.

అప్పట్లో కూటాలు ఇళ్లల్లోనే. ఎమీరు ఇచ్చిన స్థలంలో, మెసైమీర్ దగ్గర తొలి చర్చి తెరిచింది 2008 మార్చిలో. అంతవరకు అత్తయ్య వాళ్ల హాలే గుడి. మెట్ల మీద చెప్పులు కింద బకాలా కొట్టు దాకా వరస కట్టేవి. శుక్రవారం సెలవు కాబట్టి ఆరాధనా శుక్రవారమే. నరసాపురంలో చుట్టాలకి ఇది ఒక పట్టాన అర్థమయ్యేది కాదు. "మీరక్కడ రెండు రోజుల ముందే వాక్యం వినేస్తారా?" అని మా నాయనమ్మ ఫోన్లో అడిగింది. దోహాలో అత్తయ్య వాళ్లకి ఆదివారం ఆఫీసు, క్రిస్మస్‌కీ ఆఫీసే. అందుకని డిసెంబరు 18న ఖతర్ జాతీయ దినోత్సవం సెలవుకి అత్తయ్య అరిసెలు వండి డబ్బాలకెత్తేది. 2015లో క్రిస్మస్ సరిగ్గా శుక్రవారం పడితే, "ఈ ఏడు ప్రభువు గల్ఫు క్యాలెండరు చూసుకుని పుట్టాడు" అని పొంగిపోయింది.

నేను ఉద్యోగానికి వెళ్లి వాళ్ల సోఫా మీద పడే నాటికి ఇంకా పాత విమానాశ్రయమే నడుస్తోంది. ఇంటికి దగ్గరే. విమానం దిగుతుంటే కిటికీ అద్దాలు గలగలమనేవి. అత్తయ్య కళ్లు మూసుకునే ఆగి, మోత తగ్గగానే ఆపిన మాట దగ్గర్నుంచే అందుకునేది. ఆ సందులో మావయ్య ఓ వడియం నోట్లో వేసుకునేవాడు. 2014లో హమద్ విమానాశ్రయం తెరిచి విమానాలన్నీ అటు పోయాక ఊరంతా ప్రశాంతత వచ్చిందని సంతోషించింది. మావయ్యకి మాత్రం వడియాలు పోయాయి.

ఇంతకీ అంతసేపు ఏం ప్రార్థించేదంటారా? మమ్మల్నే. ఆవిడ దగ్గర ఒక లాంగ్ నోట్‌బుక్కు ఉండేది. స్కేలుతో గీతలు కొట్టి పేరు, ఊరు, అవసరం, తేదీ అని గళ్లు. పని జరిగితే ఎర్ర పెన్నుతో టిక్కు. మా వంశంలో పుట్టినవాళ్లు, మా వంశం చేసుకున్నవాళ్లు, వాళ్ల తోడల్లుళ్లు, అందరూ అందులో ఉన్నారు. పేరొక్కటి చెబితే దేవుడికి సరిపోతుందని ఆవిడకి నమ్మకం లేదు. "ప్రభువా, పాలకొల్లులో మా ఆడపడుచు చిన్నకొడుకు, అదే, పోయినేడు ట్రాక్టరు కొని కిస్తీలు ఎగ్గొట్టినవాడు..." అని గుర్తులు చెప్పేది. దాంతో మా ఇంటి గుట్టు దేవుడితో పాటు దోహాలోని సగం తెలుగువాళ్లకి చేరేది.

మెసైమీర్‌లో చర్చి హాళ్లు గంటల లెక్కన. ఒక భాష వాళ్లు బయటికి రాగానే ఇంకో భాష వాళ్లు లోపలికి. ఒక శుక్రవారం మా టైము అయిపోయి, తలుపు దగ్గర ఫిలిప్పీన్స్ వాళ్లు గిటార్లు పట్టుకుని నిలబడ్డారు. అత్తయ్య అప్పుడే నా పేరు దాకా వచ్చింది. నాకు సంబంధాలు చూస్తున్న రోజులు. "ప్రభువా, మా తలవెంట్రుకలకి కూడా నీ దగ్గర లెక్కుంది కదా. వీడి లెక్క నెలనెలా తగ్గిపోతోంది. పెళ్లయ్యేదాకా అయినా నిలబెట్టు తండ్రీ." వెనక కిసుక్కుమన్నారు. ఎవరో పుణ్యాత్ముడు అర్థం చెప్పినట్టున్నాడు, గిటార్లవాళ్లు కూడా నా నెత్తి చూశారు. బయటికొచ్చాక ముగ్గురు ఆంటీలు చుట్టుముట్టి గుంటగలగరాకు నూనె గురించి చెప్పారు.

2017 జూన్‌లో పొరుగు దేశాలు దారులు మూసేసినప్పుడు సౌదీ నుంచి పాలు ఆగిపోయాయి. జులైలో బలద్‌నా కంపెనీ హోల్‌స్టీన్ ఆవుల్ని ఖతర్ ఎయిర్‌వేస్ విమానాల్లో దింపించింది. టీవీలో అది చూసి అత్తయ్యకి కోపమొచ్చింది. "ఆవులకి దొరికిన దారి నా మరదలికి దొరకదా?" అని. మరదలంటే మా అమ్మ. దోహా చూడాలని ఆవిడ కోరిక. కాగితాలు ఎప్పుడూ ఏదో ఒకటి తక్కువే. ఆ రాత్రి నోట్‌బుక్కులో అమ్మ పేరు పై వరసకి వెళ్లింది. ఆగస్టులో ఖతర్ ప్రభుత్వం 80 దేశాలవాళ్లకి వీసా లేకుండా రానిస్తామంది. అందులో మన దేశం ఉంది! "80 దేశాలూ మీ అమ్మ పుణ్యానే ఒరేయ్" అంది అత్తయ్య, ఎర్ర టిక్కు కొడుతూ.

మెట్రో వచ్చినప్పుడూ ప్రార్థనే. 2019 మేలో రెడ్‌లైన్ మొదలైంది, ఇంటి దగ్గరే స్టేషను, టికెట్టు 2 రియాళ్లు. దిగాల్సింది రెండో స్టేషను ముషైరిబ్‌లో. రైలు కదలగానే ప్రయాణ ప్రార్థన మొదలుపెట్టింది. ఆమేన్ పడేసరికి అల్ కస్సార్. ఆ రోజుల్లో లైను అక్కడితో ఆఖరు కాబట్టి బతికిపోయాం.

ఊరికి పంపే అట్టపెట్టె మీద కూడా చెయ్యి పెట్టి ప్రార్థించేది. టాంగ్ డబ్బాలు, నిడో, టైగర్ బామ్, మధ్యలో పగలకుండా టర్కీ తువ్వాళ్లు. ప్రతి దాని మీదా స్కెచ్ పెన్నుతో పేరు. కార్గో కుర్రాడు తూకం మిషను పట్టుకుని కళ్లు మూసుకుని నిలబడేవాడు, మతమేదైనా సరే. మా చెల్లి నర్సింగు ఫీజులు, ఇంకో ముగ్గురి చదువులు ఆ ఇంటి నుంచే వెళ్లాయి. ప్రతి విషయం దేవుడికి చాటి చెప్పే మనిషి, వీటిని మాత్రం పైకి ప్రార్థించలేదు.

మావయ్య రిటైరయ్యాక నరసాపురం వెళ్లిపోయారు. నిరుడు అత్తయ్య పోయింది. సమాధి దగ్గర పెద్దలు క్లుప్తంగా ప్రార్థన ముగిస్తే మావయ్య ఆమేన్ అనలేదు. "అయిపోయిందా అప్పుడే?" అన్నాడు.

నోట్‌బుక్కు ఇప్పుడు మా అమ్మ దగ్గరుంది. ట్రాక్టరు వాడి పేరు పక్కన ఇంకా టిక్కు లేదు. నా పేరు వెతికాను. 'జుట్టు' అని రాసి ఉంది. టిక్కు కాదు, అడ్డంగా కొట్టేసి ఉంది. పక్కన చిన్న అక్షరాలతో: 'పెళ్లయిపోయింది. ఇక అక్కర్లేదు.'