ముఖం రంగే నా రంగు

నేనొక ఫౌండేషన్ సీసాను. నాలో పట్టేది 30 మిల్లీలీటర్లు. రాయగడ జిల్లా జేకేపూర్‌లో, కాగితం మిల్లులో పనిచేసి రిటైరైన ఒక తెలుగాయన ఇంట్లో, అద్దం పక్క గూట్లో నా కాపురం.

నీళ్లు, సిలికోన్ నూనె, టైటానియం డయాక్సైడ్ తెలుపు, ఐరన్ ఆక్సైడ్ల ఎరుపు, పసుపు, నలుపు కలిస్తే నేనయ్యాను. ఈ రంగుల పాళ్లు మారితే చామనఛాయ, గోధుమరంగు, నలుపు అన్నీ వస్తాయి. ఈ జిల్లాలోనే లాంజియా సవరలు గోడకు ఎర్రమట్టి పూసి, దాని మీద బియ్యప్పిండితో బొమ్మలు వేస్తారు. ఆ మట్టికి ఎరుపునిచ్చేదీ ఐరన్ ఆక్సైడే. అందుకే ఈ నేల నాకు పరాయిది కాదు.

మా వంశం పాతది. వీధి భాగవతులు ముఖానికి అరదళం పూసుకునేవారు. 1930ల చివర్లో రంగుల సినిమా కోసం మాక్స్ ఫ్యాక్టర్ సంస్థ పాన్‌కేక్ తెచ్చింది. మన దేశంలో 1952లో టాటాలు లాక్మే పెట్టారు. దీపాల వెలుగులో, దూరాన కూర్చున్నవాళ్లకు కనపడాలి కనుక వీధి ఆటల్లోని మా పెద్దలు మందంగా ఉండేవారు. నన్ను చూసేవాళ్లు చేతికందే దూరంలో ఉంటారు. నేను పలచగా ఉంటేనే అందం.

ఆ ఇంటాయన షష్టిపూర్తికి నాలుగు రోజుల ముందు కోడలు నన్ను విశాఖపట్నంలో కొని తెచ్చింది. అత్తగారు నన్ను చూసి నవ్వేసింది.

“ఈ వయసులో నాకివన్నీ ఏటమ్మా? ముఖం మీద పెచ్చులు కడతాయి.”

“ఎక్కువ పూస్తేనే కడతాయత్తయ్యా. మీరు కూర్చోండి, నేను చూపిస్తాను.”

అత్తగారి భయం ఊరికే పుట్టలేదు. అంతకుముందు ఒక పెళ్లిలో ఎవరో ఆమె రంగుకు రెండు మెట్లు తెల్లటి ఫౌండేషన్ మెత్తి, పైన పౌడరు అద్దారట. ఫొటోలో ముఖం ఒక రంగు, మెడ ఒక రంగు. నవ్వినచోటల్లా గీతలు తేలాయి. తెల్లగా కనిపిస్తేనే అందమన్న నమ్మకం ఎంతమంది ముఖాలను ఇలా పాడుచేసిందో! 1975లో వచ్చిన ఫెయిర్ అండ్ లవ్లీ తన పేరులోంచి ‘ఫెయిర్’ తీసేయడానికి 2020 దాకా పట్టింది.

నెలసరి ఆగిన తర్వాత మొదటి ఐదేళ్లలో చర్మంలోని కొల్లాజెన్ సుమారు 30 శాతం తగ్గుతుంది. చమురూ తగ్గుతుంది. పొడి కాగితం సిరాను పీల్చినట్టు, ఆరిన చర్మం నాలోని తడిని పీల్చేస్తుంది. మిగిలిన రంగు గీతల్లో చేరుతుంది. ముడతలను కప్పాలని ఇంకో పూత వేస్తే అవే ఇంకా బాగా కనపడతాయి.

కోడలికి ఇదంతా తెలుసు. ముందు అత్తగారిని వరండాలో పగటి వెలుగులోకి తీసుకెళ్లి, నన్ను దవడ అంచున మూడు గీతలు గీసింది. ఆరాక కాస్త ముదురుతాను కనుక పది నిమిషాలు ఆగి చూసింది. మెడతో కలిసిపోయాను. అలర్జీ వస్తుందేమోనని చెవి వెనక కొంచెం రాసి మర్నాటి దాకా ఆగింది.

షష్టిపూర్తి నాడు మంగళస్నానమయ్యాక ముఖాన పసుపు లేకుండా కడిగించింది. పసుపు మిగిలితే నా రంగు మారిపోతుంది. మాయిశ్చరైజరు రాసి, అది ఇంకేదాకా పూలజడ వేసింది. తర్వాత సన్‌స్క్రీన్. నన్ను బఠాణీ గింజంత చేతి వెనక వేసుకుని, తడిపి పిండిన స్పాంజితో ముక్కు పక్కన, బుగ్గల మీద ఉన్న మంగు మచ్చల మీద అద్దింది. రుద్దలేదు. చెంపల అంచుకు వచ్చేసరికి నేను దాదాపు లేను. కళ్ల కింద ఉంగరపు వేలితో తాకీ తాకనట్టు అద్దింది. పౌడరు ముక్కు మీదే, అదీ కొంచెం. పౌడరు ఎక్కువైతే ఫొటో ఫ్లాష్‌కు ముఖం తెల్లగా పాలిపోతుంది. నుదుట బొట్టు పెట్టే చోటు మాత్రం వదిలేసింది. నా మీద స్టిక్కరు నిలవదు, కుంకుమ చెదురుతుంది.

అత్తగారు అద్దంలో చాలాసేపు చూసుకుంది. “నాలాగే ఉన్నానే!” అంది. నా జన్మకు అంతకన్నా పెద్ద మెప్పు లేదు. నవ్వితే కంటి చివర గీతలు విచ్చుకుంటున్నాయి, మచ్చలు మాత్రం వెనక్కి తగ్గాయి. హోమం వేడికి చెమట పడితే, కోడలు మెత్తని గుడ్డతో ఒత్తింది, తుడవలేదు. రాత్రి పడుకునే ముందు నన్ను పూర్తిగా కడిగించి, స్పాంజిని సబ్బుతో ఉతికి ఆరబెట్టింది.

నా వెనక మూత తెరిచిన డబ్బా బొమ్మ, అందులో 12ఎం అని ఉంటుంది. తెరిచిన పన్నెండు నెలల్లో నన్ను వాడెయ్యాలని అర్థం. ఆ తర్వాత ఖరీదైనదని దాచుకోకండి, పారేయండి. వాసన మారినా, నూనె విడిపోయినా అంతకుముందే పారేయండి.

అమ్మలారా, నన్ను పూసుకోవాలనిపిస్తే అరవైలోనూ, డెబ్బైలోనూ మొహమాటం లేకుండా పూసుకోండి. వద్దనిపిస్తే మానేయండి, మీ అందానికి వచ్చే లోటేమీ లేదు. కొనేటప్పుడు మాత్రం మీ రంగు కన్నా ఒక మెట్టు తెల్లటిది చూపించే షాపువాడి మాట వినకండి. మీ మెడ రంగు ఏదో ఆ సీసానే అడిగి తీసుకోండి.